జీతం కట్టేస్తే ధర ఎటు పోతుంది?

ఆన్‌లైన్ బాస్కెట్‌బాల్ మేనేజర్ ఆటలోకి కొత్తగా అడుగుపెట్టినవాళ్లను మొట్టమొదట తికమక పెట్టేది వేలంపాట. కళ్లు చెదిరే సెంటర్ ఒకడు అమ్మకానికి వస్తాడు. రీబౌండ్లు, షాట్ బ్లాకింగ్, బుట్ట కింద డిఫెన్స్, అన్నింట్లోనూ పైమెట్టే. గడువు ముగిసేసరికి పాట మొదలైన చోటే ఆగిపోయి ఉంటుంది; ఒక్కోసారి పాడేవాడే ఉండడు. అదే గంటలో ఓ మోస్తరు గార్డ్ కోసం నలుగురైదుగురు పంతానికి పోయి ధరను ఆకాశానికెత్తేస్తారు. చూసేవాళ్లకు ఇదంతా పిచ్చిసంతలా కనబడుతుంది. నేను అలా అనుకోను. అక్కడ పాడుతున్నవాళ్లు చాలావరకు లెక్క తెలిసినవాళ్లే. ఆటగాడి ప్రతిభకూ, అతనికి రాసిపెట్టిన జీతానికీ మధ్య ఎంత తేడా ఉందో చూసి ఆ తేడాను వాళ్లు కొంటున్నారు. జీతాన్ని నిబంధనతో కట్టేసిన పోటీ ఏదైనా సరే, అక్కడ ధర మరో దారి వెతుక్కుంటుంది. ఎన్‌బీఏలో అదే జరిగింది, మన ఐపీఎల్‌లోనూ జరుగుతోంది.

ఆట సంగతి తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. 1997లో స్వీడన్‌లో హాట్రిక్ అనే ఫుట్‌బాల్ మేనేజర్ ఆట మొదలైంది. మనిషికో క్లబ్, అంతా బ్రౌజర్‌లోనే. వారం వారం మ్యాచ్‌లు, శిక్షణ, టికెట్ల రాబడి, జీతాల ఖర్చు, ప్రపంచంలో ఏ మూలనున్న మేనేజర్‌తోనైనా ఆటగాళ్ల క్రయవిక్రయం. ఆ మూసను బాస్కెట్‌బాల్‌కు తెచ్చినవాటిలో బజర్‌బీటర్ బాగా పేరున్నది. ఇందులో ఆటగాడికి జంప్ షాట్, డ్రైవింగ్, పాసింగ్, రీబౌండింగ్ లాంటి నైపుణ్యాలు డజను. అమ్మకానికి పెట్టగానే అవన్నీ అందరికీ కనిపిస్తాయి, దాపరికం ఉండదు. ఇక అసలు విషయం, జీతం దగ్గర బేరమే లేదు. ఆటగాడు అడగడు, క్లబ్ ఇంత ఇస్తాననదు. నైపుణ్యాలను ఒక సూత్రంలో వేసి కంప్యూటరే వారపు జీతం తేలుస్తుంది. దాన్ని సీజన్‌కు ఒక్కసారే తిరగరాస్తుంది. ఆ మధ్యలో శిక్షణతో ఎంత మెరుగైనా పాత జీతమే. కొనుగోలు ధర మీద మాత్రం ఏ అదుపూ లేదు, ఎక్కువ పాడినవాడిదే ఆటగాడు. రెండు ధరల్లో ఒకదాన్ని కట్టేసి రెండోదాన్ని వదిలేశారన్నమాట.

కాగితం మీద చిన్న లెక్క వేద్దాం. సీజన్ 14 వారాలు. జట్టుకు సరిసమానంగా పనికొచ్చే ఇద్దరు గార్డ్‌లున్నారు. ఒకడి వారపు జీతం 20,000, రెండోవాడిది 35,000. తేడా వారానికి 15,000, సీజన్‌కు 2,10,000. ఇద్దరూ మూడేసి సీజన్లు ఆడతారనుకుంటే 6,30,000. డబ్బు ముందుగా చేతిలోంచి పోతుంది గనుక కాస్త తగ్గించుకున్నా, మొదటివాడి కోసం రెండోవాడి కంటే దాదాపు అంత ఎక్కువ పాడొచ్చు, నష్టం లేదు. లెక్క తెలిసినవాళ్లు నలుగురు పోటీలో ఉంటే ధర అక్కడిదాకా వెళ్లి తీరుతుంది. రెండోవాడి జీతం అతని వల్ల వచ్చే లాభాన్నంతా మింగేసేదైతే అతని ధర సున్నా. వేలంలో సున్నా కంటే కిందికి పాట లేదు కాబట్టి అక్కడ ఆగింది గానీ, లేకుంటే వీణ్ణి తీసుకెళ్లండి అని ఎదురు డబ్బిచ్చే మేనేజర్లు కూడా ఉండేవాళ్లు. మొదట చెప్పిన సెంటర్‌ది ఇదే పరిస్థితి. బజార్లో దుకాణం ఉన్నవాళ్లకు ఈ లెక్క కొత్త కాదు. పాత అద్దె చట్టం కింద నెలకు నామమాత్రపు అద్దె కట్టే షాపు చేతులు మారేటప్పుడు గుడ్‌విల్ అనో పగిడీ అనో పెద్ద మొత్తం ముడుతుంది. అద్దె ఎంత తక్కువైతే పగిడీ అంత ఎక్కువ. ఆన్‌లైన్ ఆటలో కొనుగోలు ధర ఆటగాడి మీద కట్టే పగిడీయే.

ఆ తేడా ఎక్కడినుంచి పుడుతుందో కాస్త నిదానంగా చూడాలి, ఆట రుచంతా అక్కడే ఉంది. జీతం సూత్రం ఒక్కో స్థానానికి ఒక్కో రకంగా నైపుణ్యాలను తూకం వేస్తుంది. సెంటర్ అంటే బుట్ట దగ్గర పనికొచ్చే నైపుణ్యాల మీదే భారం, బయటి డిఫెన్స్ మీదా పాసింగ్ మీదా తక్కువ. కానీ మ్యాచ్‌లో ఆ రెండూ ఊరికే పోవు. పాస్ ఇవ్వగల సెంటర్ బంతి పోగొట్టుకోడు, పక్కవాడికి మంచి షాట్ దొరికేలా చేస్తాడు. సూత్రం పెద్దగా డబ్బు కట్టని నైపుణ్యం మ్యాచ్‌లో పాయింట్లు తెస్తే, ఆ సందులోనే లాభం. అందుకే చేయి తిరిగిన మేనేజర్లు కుర్రాడి ప్రధాన నైపుణ్యాన్ని ఒక మెట్టు దగ్గర ఆపేసి, వారాలకు వారాలు పక్క నైపుణ్యాలకు కేటాయిస్తారు. ఇటు ఒకే దిక్కున పెంచిన భారీ సెంటర్లు జాతీయ జట్టుకు పనికొస్తారు, ఎందుకంటే జాతీయ జట్టు జీతాలు కట్టదు. క్లబ్బులో మాత్రం వాళ్లు గుదిబండలు. ఒకే మనిషి ఒకచోట రత్నం, ఇంకోచోట అప్పు. ఇక రెండో మూలం ఆలస్యం. జీతం సీజన్‌కోసారే మారుతుంది గనుక, సీజన్ మొదట్లో శిక్షణకు పెట్టిన కుర్రాడు చివరికొచ్చేసరికి పాత జీతం మీద కొత్త ఆట ఆడుతుంటాడు. పద్దెనిమిదేళ్లవాడి ధర మండిపోయేదీ, ముప్పై మూడేళ్లవాడు ఇంకా బాగా ఆడుతున్నా ఎవరికీ పట్టనిదీ ఇందుకే. మొదటివాడికి జీతం వెనకబడి ఉంది, రెండోవాడికి నైపుణ్యం దిగజారే రోజులు ముందున్నాయి.

ఇదంతా ఆట కాబట్టి చెల్లింది, నిజమైన వ్యాపారంలో కుదరదు అనేవాళ్లు ఎన్‌బీఏ చరిత్ర తిరగేయాలి. 1984-85లో అక్కడ జట్టు జీతాలకు 36 లక్షల డాలర్ల పరిమితి పెట్టారు. అది జట్టుకే గానీ మనిషికి కాదు. 1997-98లో మైకేల్ జోర్డన్ ఒక్కడి జీతం 3 కోట్ల 31 లక్షల డాలర్లు. ఆ ఏడాది జట్టు మొత్తానికి పెట్టిన పరిమితే 2 కోట్ల 69 లక్షలు. సొంత ఆటగాడిని నిలుపుకునేందుకు పరిమితి దాటొచ్చన్న వెసులుబాటు వల్ల అది సాధ్యపడింది. మరుసటి ఏడాది యజమానులు లాకౌట్ పెట్టి, ఒక్కో ఆటగాడికీ గరిష్ఠ జీతం ఇంతేనని తేల్చుకున్నారు. ఆ క్షణం నుంచి లీగ్‌లోకెల్లా గొప్ప ఆటగాడు అందరికంటే చవకైన సరుకయ్యాడు. గరిష్ఠ జీతం తీసుకునే ఇద్దరిలో ఒకడు జట్టును ఫైనల్‌కు తీసుకెళ్తాడు, ఇంకొకడు ప్లేఆఫ్స్ గడప దాకా తెస్తాడు. చెల్లింపు మాత్రం ఒకటే. స్టీఫెన్ కరీ సంగతి ఇంకా ముచ్చటైనది. చీలమండ గాయాలతో ఉన్న రోజుల్లో, 2012లో, నాలుగేళ్లకు 4 కోట్ల 40 లక్షల డాలర్ల ఒప్పందం రాసుకున్నాడు. ఆ ఒప్పందం నడుస్తుండగానే వరసగా రెండుసార్లు అత్యుత్తమ ఆటగాడి పురస్కారం అందుకున్నాడు. ఇంతలో కొత్త టీవీ ఒప్పందం వల్ల జట్టు పరిమితి ఒక్క ఏడాదిలో 7 కోట్ల నుంచి 9 కోట్ల 41 లక్షలకు ఎగిరింది. కరీ జీతం కదల్లేదు. ఆ ఖాళీలోకి 2016 జులైలో కెవిన్ డ్యురాంట్ వచ్చి చేరాడు. కరీ జట్టు గోల్డెన్ స్టేట్ ఆ తర్వాత రెండేళ్లూ విజేత. ఆన్‌లైన్ ఆటలో సీజన్ మధ్యలో కుర్రాడి జీతం ఎలా నిలిచిపోతుందో, ఇక్కడ నాలుగేళ్ల ఒప్పందంలో కరీ జీతం అలాగే నిలిచిపోయింది.

మరి ఎన్‌బీఏలో పగిడీ ఏది? ఆటగాణ్ణి రొక్కానికి అమ్ముకునే పద్ధతి అక్కడ దాదాపు లేదు. ట్రేడ్‌లో చేతులు మారే నగదుకు గట్టి పరిమితి ఉంది, ఆటగాడికి బదులు ఆటగాణ్ణో, కొత్త కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో తమ వంతునో ఇవ్వాలి. డబ్బు దారి కూడా మూస్తే ధర ఏమవుతుందో అక్కడ చూడొచ్చు. 1994లో గ్లెన్ రాబిన్‌సన్ ఒక్క మ్యాచ్ ఆడకుండానే పదేళ్లకు 6 కోట్ల 80 లక్షల డాలర్లు తెచ్చుకున్నాడు. యజమానులు బెంబేలెత్తి, మరుసటి ఏడాదే కొత్తవాళ్ల జీతాలకు వంతు ప్రకారం పట్టిక పెట్టారు. దాంతో మొదటి వంతులో దొరికే కుర్రాడు తన విలువలో చిన్న భాగానికే ఆడతాడు. ఆ మిగులు ఎవరిది? ఓడినవాళ్లది, ఎందుకంటే మొదటి వంతుల కోసం పోటీపడేది అట్టడుగు జట్లే. కాబట్టి జట్లు ధరను ఓటముల్లో చెల్లించడం నేర్చుకున్నాయి. ఫిలడెల్ఫియా 2015-16లో 82 మ్యాచ్‌లకు 72 ఓడి, తర్వాతి డ్రాఫ్ట్‌లో మొదటి వంతు సంపాదించుకుంది. ప్రేక్షకుడు టికెట్ కొన్నది ఆ ఓటమి చూడటానికి కాదు గదా. దాంతో మొదటి వంతు ఎవరిదో తేల్చే లాటరీలో అట్టడుగు జట్టు అవకాశాన్ని 25 శాతం నుంచి 14కు తగ్గించి, చివరి మూడు జట్లకూ సమానం చేసింది లీగ్, 2019 నుంచి. ఈ లెక్కన డబ్బు రూపంలో పగిడీ తీసుకునే ఆన్‌లైన్ ఆటే శుభ్రంగా ఉందంటాను. అక్కడ కనీసం ఎవరూ గెలవకూడదనుకుని కోర్టులోకి దిగరు. పూర్తిగా లేదనలేం, కింది లీగ్‌లో కూర్చుని డబ్బు దాచుకునేవాళ్లున్నారు. అయినా ఆ రోగం చిన్నది.

ఇదే సంగతిని తిరగేసి చూపే సాక్ష్యం యూరప్ ఫుట్‌బాల్‌లో ఉంది. అక్కడ చాలాకాలం ఒప్పందం ముగిసిన ఆటగాడి మీద కూడా పాత క్లబ్ రుసుము వసూలు చేసేది. బెల్జియం ఆటగాడు జాన్-మార్క్ బోస్మాన్ వేసిన కేసులో 1995 డిసెంబర్‌లో యూరప్ న్యాయస్థానం అది చెల్లదని చెప్పింది. ఒప్పందం అయిపోయాక క్లబ్‌కు ముట్టే రుసుము సున్నా. మరి కొనే క్లబ్ దగ్గర మిగిలిన ఆ డబ్బు ఏమైంది? జీతంగానో సంతకం చేసినందుకు బహుమానంగానో ఆటగాడి జేబులోకి వెళ్లింది. ఆన్‌లైన్ ఆటలో జీతం కట్టేశారు గనుక ధర పెరిగింది; ఇక్కడ ధర తీసేశారు గనుక జీతం పెరిగింది. మొత్తం చెల్లింపు ఎటు పోవాలో నిబంధన చెబుతుంది. ఎంత ఉండాలన్నది మాత్రం పోటీ తేలుస్తుంది.

ఐపీఎల్‌లో పాడిన మొత్తమే ఆటగాడి జీతం కాబట్టి అక్కడ పగిడీకి చోటు లేదనిపిస్తుంది. ఉంది. విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 2024 సీజన్ ఆడింది పాత వేలంలో పలికిన 20 లక్షలకే. తర్వాత సన్‌రైజర్స్ అతణ్ణి 6 కోట్లకు అట్టిపెట్టుకుంది. ఆ మధ్య తేడా ఒక సీజన్ పాటు జట్టుకు ఉచితంగా దక్కినట్టే. ఇంకోపక్క, ఐదేళ్లుగా అంతర్జాతీయ మ్యాచ్ ఆడని భారత ఆటగాణ్ణి అన్‌క్యాప్డ్‌గా లెక్కించి 4 కోట్లకే అట్టిపెట్టుకోవచ్చన్న నిబంధన 2025 కోసం తిరిగొచ్చింది. దాంతో చెన్నై ధోనీని 4 కోట్లకు ఉంచుకుంది. చెన్నై సంచిలో మిగిలిన కోట్లు వేలంలో ఇంకొకరి మీద పడ్డాయి. ధోనీకి అంతకంటే విలువ లేదని ఎవరైనా అంటారా?

ఇక అభ్యంతరాలు. మొదటిది కాస్త బరువైనదే. ఆన్‌లైన్ ఆటలో ధరలు ఎగిరిపడేది జీతాల వల్ల కాదు, చలామణిలో ఉన్న డబ్బు వల్ల అంటారు. నిజంగా అక్కడ డబ్బు శూన్యంలోంచి పుడుతుంది. లేని ప్రేక్షకులు కొన్న టికెట్ల మీద ప్రతి క్లబ్‌కూ రాబడి వస్తుంది. జీతాలు కట్టినప్పుడు ఆ డబ్బు మళ్లీ శూన్యంలోకే పోతుంది. పుట్టేది ఎక్కువై పోయేది తక్కువైతే అన్ని ధరలూ పెరుగుతాయి. మేనేజర్లు విసిగి వెళ్లిపోతుంటే కొనేవాళ్లు తగ్గి ధరలు కూలుతాయి. ఈవ్ ఆన్‌లైన్ అనే అంతరిక్ష ఆట నడిపే ఐస్‌లాండ్ కంపెనీ ఇలాంటివి కనిపెట్టుకుని ఉండేందుకు 2007లో ఏకంగా ఒక ఆర్థికవేత్తను ఉద్యోగంలో పెట్టుకుంది. ఇదంతా ఒప్పుకుంటాను. కానీ డబ్బు పరిమాణం చెప్పేది సంత మొత్తం ఏ ఎత్తులో ఉందన్నది. గార్డ్‌కు సెంటర్ కంటే ఎన్ని రెట్లు ఎక్కువ పలుకుతుంది, కుర్రాడికీ ముదురు ఆటగాడికీ ఎంత తేడా అన్నవి దాంతో తేలవు. డబ్బు రెట్టింపైనా జీతం మింగేసే సెంటర్ ఇతరులతో పోలిస్తే చవకగానే ఉంటాడు. పైగా డబ్బును లాగేసే పెద్ద తూము కూడా జీతం సూత్రమే కాబట్టి, డబ్బు గురించి మొదలుపెట్టిన చర్చ తిరిగి తిరిగి దాని దగ్గరికే వస్తుంది.

రెండో అభ్యంతరం మనసున్నవాళ్లది. ఆన్‌లైన్ ఆటలోని ఆటగాడు బొమ్మ. సమ్మె చేయడు, అలగడు, ఇంటికి దగ్గరగా ఉండాలనుకోడు. అలాంటి బొమ్మల సంతనుంచి మనుషుల సంతకు పాఠాలు తీయడం సబబా? ఆటగాడి మనసు గురించి, అతని శ్రమ గురించి, యూనియన్ బలం గురించి అయితే సబబు కాదు. జీతం తక్కువైతే నిజమైన ఆటగాడు దమ్ము తగ్గించి ఆడొచ్చు, ఊరు మారొచ్చు. గరిష్ఠ జీతం ఎక్కడైనా ఒకటే అయినప్పుడు ఊరు, మిత్రులు, గెలుపు అవకాశం చూసుకుని జట్టు ఎంచుకుంటాడు. డ్యురాంట్ అదే చేశాడు. కానీ నేను చెబుతున్న మాటకు అమ్మేవాడి మనసుతో పనిలేదు. కొనేవాళ్లు ఒకరికంటే ఎక్కువ ఉంటే చాలు, మిగులు కోసం వాళ్లు వాళ్లలో వాళ్లే పోటీపడి దాన్ని ఏదో రూపంలో చెల్లించేస్తారు. బొమ్మల సంతలో మిగతా గొడవలు లేవు కాబట్టే ఆ ఒక్క సంగతి విడిగా కంటికి కనబడుతుంది.

మూడోది ఆట ప్రేమికులు తరచూ అనేది: సూత్రాన్ని సరిగ్గా రాస్తే ఈ తేడాలే ఉండవు కదా, ప్రతి నైపుణ్యానికీ మ్యాచ్‌లో దాని ఫలితం ఎంతో అంతే జీతం కడితే సరి. వినడానికి బాగుంది గానీ ఇది జరిగే పని కాదు. షాట్ బ్లాకింగ్ విలువ ఆటగాడి ఒంట్లో లేదు. పక్కనున్న నలుగురి మీదా, ఎంచుకున్న వ్యూహం మీదా, ఎదుటి జట్టు లోపలినుంచి దాడి చేస్తుందా బయటినుంచి షాట్లు వేస్తుందా అన్నదాని మీదా ఆధారపడి ఉంది. ఆ సమాచారం వేలమంది మేనేజర్ల బుర్రల్లో చెదిరి ఉంటుంది, వారం వారం మారుతుంది. దాన్ని ఒక సూత్రంలో ముందే ఇరికించడం కుదరదు. పోనీ కుదిరిందనే అనుకుందాం. అప్పుడు ప్రతి ఆటగాడూ తన విలువంతా జీతంగానే తినేస్తాడు, ప్రతి కొనుగోలు ధరా సున్నా అవుతుంది, శిక్షణ ఇచ్చినవాడికి చిల్లిగవ్వ మిగలదు. మేనేజర్ చేయగలిగిన తెలివైన పని అంటూ ఏదీ ఉండదు. సందులే ఆ ఆటకు ప్రాణం. వాటిని పూర్తిగా పూడ్చమని అడిగేవాళ్లు తమకు తెలియకుండానే ఆట మూసేయమని అడుగుతున్నారు.

అయితే నిర్వాహకులు చేతులు కట్టుకుని కూర్చోవాలా? అక్కర్లేదు. కొని వెంటనే అమ్మేసేవాళ్ల దగ్గర ఎక్కువ కోత వేయడం, చివరి క్షణంలో పాట వస్తే గడువును కొన్ని నిమిషాలు పొడిగించడం లాంటి చిన్న ఏర్పాట్లు మంచివే. గడువు పొడిగింపు సంగతి పరిశోధనలోనూ తేలింది. గడువు కదలని ఈబే వేలాల్లోనూ, గడువు పొడిగించే అప్పటి అమెజాన్ వేలాల్లోనూ పాటలు పోల్చి చూసిన ఆల్విన్ రాత్, ఆక్సెల్ ఓకెన్‌ఫెల్స్, ఆఖరి నిమిషం దాకా నక్కి ఉండి పాడే అలవాటు ఈబేలోనే చాలా ఎక్కువని 2002లో చూపారు. నాకు భయమల్లా ఇంకొకదాని గురించి, జీతం సూత్రాన్ని ఉన్నట్టుండి మార్చడం గురించి. ఒక సెంటర్‌ను తయారుచేయడానికి ఎన్నో సీజన్ల శిక్షణ పడుతుంది. ఇవాళ్టి సూత్రాన్ని నమ్మి వాటిని ఖర్చుపెట్టినవాడి పెట్టుబడి, రేపు తూకం మారితే ఒక్క రాత్రిలో ఆవిరి. మారినా పాత సందు పోయి కొత్త సందు పుడుతుందే గానీ సందులు లేని సూత్రం రాదు. లాభం ఒకరి నుంచి ఇంకొకరికి మారుతుంది, అంతే. కాబట్టి ఈ ఆటలు నడిపేవాళ్లకు ఒక్క విన్నపం: సూత్రం మార్చాలనుకుంటే కనీసం రెండు సీజన్ల ముందు ప్రకటించండి, మార్పును ఒక్కసారిగా కాకుండా మెట్టు మెట్టుగా తీసుకురండి, ఇప్పటికే శిక్షణలో ఉన్న కుర్రాళ్లకు పాత తూకమే వర్తింపజేయండి.